తాళం తిప్పినా అందుకోని ఇంజను, లాగినా ఆగని ఇంజను

పెట్రోలు ఇంజనుకు నిప్పురవ్వ కావాలి. డీజిల్ ఇంజనుకు అది అక్కర్లేదు. సిలిండరులోకి పీల్చుకున్న గాలిని పిస్టను పదహారు, పద్దెనిమిదో వంతుకు నొక్కేస్తుంది. సైకిలుకు గాలి కొడుతుంటే పంపు అడుగు వేడెక్కినట్టే, నలిగిన ఆ గాలి కూడా కాగిపోతుంది. దాని వేడి 500 డిగ్రీల సెల్సియస్ దాటుతుంది. సరిగ్గా ఆ క్షణంలో నాజిలు నుంచి సన్నటి తుంపరగా చిమ్మిన డీజిలు తనంతట తానే అంటుకుంటుంది. ట్రాక్టరు స్టార్టు కావడమంటే ఇంతే. ఇంజను తగినంత వేగంగా తిరగాలి, గాలి గట్టిగా నలగాలి, డీజిలు సమయానికి అందాలి. ఈ మూడింటిలో ఏది తప్పినా ఇంజను అందుకోదు.

ఆపడం సంగతి ఇంకా చిన్నది. నిప్పురవ్వ లేని ఇంజనుకు కరెంటు తీసేసినా ఏమీ కాదు. అందుకే పాత ట్రాక్టర్లలో తాళం తీసి జేబులో వేసుకున్నా ఇంజను తిరుగుతూనే ఉంటుంది. దాన్ని ఆపాలంటే డీజిలు కట్టేయాలి. ఆ పని చేసేది డీజిల్ పంపు పక్కన ఉండే చిన్న లివరు, లేదా పంపుకు బిగించిన సోలినాయిడ్. స్టార్టు కాకపోవడం, ఆగకపోవడం పైకి వేర్వేరు జబ్బుల్లా కనిపించినా చాలాసార్లు రెండూ కలిసేది ఈ చిన్న భాగం దగ్గరే. లివరు ఆపే వైపు ఇరుక్కుంటే ఇంజను స్టార్టు కాదు, నడిచే వైపు ఇరుక్కుంటే ఆగదు.

ట్రాక్టరు మొరాయించినప్పుడు పాన పట్టుకునే ముందు చూడాల్సినవి రెండు. సెల్ఫ్ కొడితే ఇంజను తిరుగుతోందా? తిరుగుతుంటే పొగగొట్టం నుంచి పొగ వస్తోందా? ఈ రెండు ప్రశ్నలకు జవాబు దొరికితే వెతకాల్సిన చోటు సగానికి సగం తగ్గిపోతుంది. జవాబు చూసుకోకుండా నేరుగా పంపు మీద పడితే వందల్లో పోయే ఖర్చు వేలల్లోకి వెళుతుంది.

ఇంజను అసలు తిరగకపోయినా, మూలుగుతూ తిరిగినా తప్పు డీజిలుది కాదు, కరెంటుది. నిండా చార్జింగు ఉండి విశ్రాంతిలో ఉన్న 12 వోల్టుల బ్యాటరీ మీటరు మీద 12.6 వోల్టులు చూపాలి. 12.2 అంటే సగం ఖాళీ అయినట్టు. అయితే నిజమైన పరీక్ష సెల్ఫ్ కొడుతున్నప్పుడు జరుగుతుంది. ఆ సమయంలో బ్యాటరీ కొసల మధ్య వోల్టేజీ 9.6 కంటే కిందికి పడిపోతుంటే బ్యాటరీ ఆ బరువు మోయలేకపోతున్నట్టు. మీటరు లేకపోతే హెడ్‌లైట్లు వేసి సెల్ఫ్ కొట్టి చూడొచ్చు. లైట్లు పూర్తిగా ఆరిపోతే బ్యాటరీనో దాని కనెక్షన్లనో అనుమానించాలి. లైట్లు మసకబారకుండా వెలుగుతూ సెల్ఫ్ మాత్రం ఉలకకపోతే కరెంటు మోటారు దాకా వెళ్లడం లేదని అర్థం.

కొత్త బ్యాటరీ కొనే ముందు టెర్మినళ్లను విప్పి చూడాలి. వాటి మీద పేరుకునే తెల్లటి, పచ్చటి పొడి కరెంటును దారిలోనే ఆపేస్తుంది. వేడినీళ్లలో వంటసోడా కలిపి కడిగి, గీకి, మెరిసేలా చేసి బిగించి, పైన వాజలైన్ పూస్తే చాలాకాలం ఇబ్బంది ఉండదు. ఆ నీళ్లు బ్యాటరీ గుంతల్లో పడకుండా మూతలు బిగించి ఉంచాలి. విప్పేటప్పుడు ఎర్తు వైరు ముందు, బిగించేటప్పుడు ఎర్తు వైరు చివర. ఈ వరస తప్పితే పాన ఛాసిస్‌కు తగిలి మెరుపు వస్తుంది. ఎర్తు వైరు రెండో కొస ఛాసిస్‌కు ఆనే చోటును ఎక్కువమంది మరిచిపోతారు. దమ్ములో తిరిగిన ట్రాక్టరుకు అక్కడ బురద, తుప్పు చేరి బ్యాటరీ బాగున్నా సెల్ఫ్ చచ్చుబడినట్టు తిరుగుతుంది.

'టక్' మని ఒక్క చప్పుడు చేసి ఆగిపోతే సెల్ఫ్ మీదున్న సోలినాయిడ్ కాంటాక్టులు కాలి ఉండొచ్చు, బ్రష్షులు అరిగి ఉండొచ్చు, బ్యాటరీలో బలం లేకపోయి ఉండొచ్చు. అసలు చప్పుడే లేకపోతే ఫ్యూజు, తాళం స్విచ్చి, ఆ తర్వాత సేఫ్టీ స్విచ్చి చూడాలి. చాలా ట్రాక్టర్లలో క్లచ్ పూర్తిగా తొక్కితేనో, గేరు న్యూట్రల్‌లో ఉంటేనో తప్ప సెల్ఫ్ తిరగకుండా ఒక స్విచ్చి పెడతారు. అది చెడిపోయినప్పుడు కొందరు కింద నిలబడి స్క్రూడ్రైవరు ఆనించి సెల్ఫ్ కొడతారు. ఈ అలవాటు ప్రాణాంతకం. ట్రాక్టరు గేరులో ఉంటే ఆ స్క్రూడ్రైవరు కొసన మెరుపు వచ్చిన మరుక్షణం బండి కదులుతుంది. సెల్ఫ్ దగ్గర వంగి ఉన్న మనిషి సరిగ్గా వెనక టైరు దారిలో ఉంటాడు. తప్పుకునే వ్యవధి ఉండదు. ఆ స్విచ్చి ఖరీదు చిన్నది. దాన్ని మార్పించుకోవాలి గాని దాటవేయకూడదు.

ఇంజను చురుగ్గా తిరుగుతున్నా పొగగొట్టం నుంచి పొగ జాడే లేకపోతే సిలిండర్లలోకి డీజిలు చేరడం లేదు. ఇక్కడ మొదట చూడాల్సింది స్టాప్ నాబ్. రాత్రి ఇంజను ఆపడానికి లాగిన నాబ్‌ను తిరిగి లోపలికి నొక్కకపోతే పొద్దున ఎన్నిసార్లు సెల్ఫ్ కొట్టినా ఇంజను అందుకోదు, బ్యాటరీ మాత్రం దిగిపోతుంది. నాబ్ లోపలికి పోయినంత మాత్రాన నమ్మకూడదు. నాబ్‌కు, పంపు లివరుకు మధ్య తొడుగులో నడిచే సన్నటి తీగ ఉంటుంది. బానెట్ ఎత్తి, ఒకరు నాబ్ లాగుతూ నొక్కుతూ ఉంటే మరొకరు పంపు దగ్గర లివరును చూడాలి. నాబ్ కదిలిన ప్రతిసారీ లివరు ఈ కొస నుంచి ఆ కొస దాకా పోవాలి. పంపు వైపు కొసన తొడుగు పగిలి, లోపల ఎర్రటి తుప్పుతో తీగ పట్టేసి, నాబ్ కదిలినా లివరు సగంలోనే ఆగిపోవడం తరచుగా కనబడే దృశ్యం. లివరును నడిచే వైపుకు లాగి ఉంచే స్ప్రింగు తెగినా ఇదే జరుగుతుంది. అప్పుడు వేలితో లివరును నడిచే వైపుకు తోసి సెల్ఫ్ కొడితే ఇంజను అందుకుంటుంది. దాంతో జబ్బు పంపుది కాదు, తీగదో స్ప్రింగుదో అని తేలిపోతుంది.

లివరు లోపల జరిగేది తెలిస్తే దాని విలువ తెలుస్తుంది. వరస పంపులో ప్రతి సిలిండరుకు ఒక ప్లంజరు ఉంటుంది. ఆ ప్లంజరు ఒంటి మీద ఏటవాలుగా ఒక గాడి, నిలువుగా ఒక గాడి చెక్కి ఉంటాయి. ప్లంజర్లన్నింటినీ ఒకేసారి తిప్పే పళ్ల కడ్డీని ర్యాక్ అంటారు. యాక్సిలరేటరు ఈ ర్యాక్‌ను జరిపితే ఏటవాలు గాడి అడ్డం తిరిగి డీజిలు హెచ్చుతగ్గులవుతుంది. స్టాప్ లివరు ర్యాక్‌ను చివరి కంటా జరిపితే నిలువు గాడి రంధ్రానికి ఎదురుగా వస్తుంది. ఇక ప్లంజరు ఎంత కొట్టుకున్నా డీజిలు వెనక్కే పోతుంది తప్ప నాజిలుకు చేరదు. ప్లంజరుకు, దాని గొట్టానికి మధ్య సందు తలవెంట్రుక మందంలో ఇరవయ్యో వంతు కూడా ఉండదు. అంత బిగువులో తిరిగే భాగాలకు డీజిలే కందెన. నెలల తరబడి షెడ్డులో ఊరికే నిలబెట్టిన ట్రాక్టరులో డీజిలు జిగురుగా మారి ర్యాక్ పట్టేయడానికి కారణం అదే.

మన మెకానిక్కులు ఇప్పటికీ డీజిల్ పంపును మైకో పంపు అనే పిలుస్తారు. బెంగళూరులో 1951లో మొదలైన మోటార్ ఇండస్ట్రీస్ కంపెనీ పొట్టిపేరు మైకో. ఆ కంపెనీ 2008లో బాష్ లిమిటెడ్‌గా పేరు మార్చుకుంది. పంపు పేరు మాత్రం వాడుకలో మారలేదు.

నాబ్‌కు బదులు తాళంతోనే ఆగే ట్రాక్టర్లలో ఆ పని సోలినాయిడ్ చేస్తుంది. ఇందులో రెండు రకాలున్నాయి. ఎక్కువ వాటిలో కరెంటు ఉన్నంతసేపూ డీజిలు దారి తెరుచుకుని ఉంటుంది, కరెంటు పోగానే స్ప్రింగు దారి మూసేస్తుంది. రెండో రకంలో ఇది తలకిందులు. కరెంటు ఇచ్చినప్పుడే దారి మూసుకుంటుంది. బండిది ఏ రకమో తెలియకుండా వైర్లు మార్చడం దండగ పని. మొదటి రకమైతే పరీక్ష తేలిక. సెల్ఫ్ కొట్టకుండా తాళం ఆన్ వరకే తిప్పి చెవి ఒగ్గితే పంపు దగ్గర 'టిక్' మని వినిపించాలి. వినిపించకపోతే టెస్ట్ బల్బు ఒక కొసను సోలినాయిడ్ టెర్మినలుకు, రెండో కొసను ఎర్తుకు ఆనించాలి. బల్బు వెలగకపోతే ఫ్యూజో, వైరో, తాళం స్విచ్చో పోయింది. బల్బు వెలిగినా చప్పుడు లేకపోతే సోలినాయిడే పోయింది.

తాళం స్విచ్చి లోపల ఒక్కో స్థానానికి ఒక్కో కాంటాక్టు ఉండటం వల్ల రెండు వింత జబ్బులు వస్తాయి. సెల్ఫ్ కొడుతున్నంతసేపు ఇంజను అందుకోదు, విసిగి తాళం వదిలిన ఆ క్షణంలో మాత్రం ఒక్కసారి 'డబ్' మంటుంది. అంటే స్టార్టు స్థానంలో సోలినాయిడ్‌కు కరెంటు అందడం లేదు. రెండోది దీనికి ఎదురు. సెల్ఫ్ కొడితే ఇంజను అందుకుంటుంది, తాళం వదలగానే ఆగిపోతుంది. అక్కడ ఆన్ స్థానంలో కాంటాక్టు పోయింది. ఈ రెండూ పంపు జబ్బులు కావు. నీరసించిన బ్యాటరీ కూడా ఇలాగే మోసం చేస్తుంది. సెల్ఫ్ కరెంటంతా లాగేసుకుంటే సోలినాయిడ్‌కు దారి తెరిచే బలం మిగలదు.

చెడిన సోలినాయిడ్‌ను విప్పి, లోపలి ముల్లును తీసేసి మళ్లీ బిగించి పంపేసే పద్ధతి ఒకటుంది. దారి ఎప్పుడూ తెరిచే ఉంటుంది కాబట్టి ఇంజను స్టార్టవుతుంది. కానీ ఇక తాళంతో ఆగదు. పొలంలో చిక్కుకున్న బండిని ఇంటిదాకా తెచ్చుకోవడానికి తప్ప ఆ పద్ధతికి ఒప్పుకోకూడదు. ఇల్లు చేరాక కొత్త సోలినాయిడ్ వేయించే దాకా ఆ బండిని మరొకరి చేతికి ఇవ్వకూడదు.

లివరు, సోలినాయిడ్ బాగున్నా డీజిలు రాకపోతే ట్యాంకు నుంచి వరసగా రావాలి. ట్యాంకులో డీజిలు, కింద కుళాయి తెరిచి ఉండటం, ఆ తర్వాత మూత. ట్యాంకు మూతకుండే సన్నటి గాలి రంధ్రం దుమ్ముతో పూడుకుపోతే ట్యాంకులోకి గాలి రాదు. అరగంటో గంటో బాగా నడిచి, బరువు లాగుతుండగా ఇంజను నీరసించి ఆగిపోతుంది. కాసేపు ఆగితే మళ్లీ స్టార్టవుతుంది. ఇలాంటప్పుడు మూత తిప్పగానే 'ఉస్' మని గాలి లోపలికి పీల్చుకుంటే జబ్బు దొరికినట్టే. ఈ ఒక్క రంధ్రం కోసం నాజిళ్లు, పంపు విప్పించుకున్నవారు ఊరికొకరైనా కనిపిస్తారు.

ఇక గాలి పట్టడం. ట్యాంకు పూర్తిగా అయిపోయినా, ఫిల్టరు మార్చినా, పైపు విప్పినా గొట్టాల్లోకి గాలి చేరుతుంది. డీజిలు నొక్కితే నలగదు, గాలి నలుగుతుంది. పంపు కొట్టే దెబ్బంతా ఆ గాలి బుడగను నలపడానికే సరిపోయి నాజిలు తెరుచుకోదు. గాలి తీయడానికి ముందు ట్యాంకులో సగానికి పైగా డీజిలు పోసి కుళాయి తెరవాలి. మొదటి ఫిల్టరు నెత్తిన ఉండే స్క్రూను రెండు చుట్లు వదులు చేసి, ఫీడ్ పంపు మీదున్న చేతి పంపును కొట్టాలి. మొదట ఏమీ రాదు. తర్వాత తెల్లటి నురుగు చీదుకుంటూ వస్తుంది, దాని వెనక బుడగలతో డీజిలు వస్తుంది. బుడగ ఒక్కటీ లేకుండా గాజులా స్వచ్ఛమైన ధార వచ్చేదాకా కొడుతూ, ధార పారుతుండగానే స్క్రూ బిగించాలి. ధార ఆగాక బిగిస్తే మళ్లీ కొంచెం గాలి లోపలికి పోతుంది. తర్వాత రెండో ఫిల్టరు, ఆ తర్వాత పంపు మీది స్క్రూ. ఎప్పుడూ ట్యాంకు వైపు నుంచి ఇంజను వైపుకే రావాలి. అప్పటికీ అందుకోకపోతే నాజిళ్ల దగ్గర పైపు నట్లను ఒక చుట్టు వదులు చేసి, యాక్సిలరేటరు పూర్తిగా ఇచ్చి సెల్ఫ్ కొట్టాలి. నట్ల దగ్గర డీజిలు ఊటలా ఉబికి రాగానే బిగించేయాలి.

ఈ పని చేసేటప్పుడు ముఖం, చేతులు పైపుల దగ్గర పెట్టకూడదు. నాజిలు తెరుచుకునే ఒత్తిడి 175 నుంచి 250 బార్ దాకా ఉంటుంది. వెనక టైరులో ఉండే గాలి ఒత్తిడికి ఇది వంద రెట్లకు పైనే. అంత ఒత్తిడితో చిమ్మిన సన్నటి ధార చర్మాన్ని చీల్చుకుని ఒంట్లోకి పోతుంది. పైకి సూది గుచ్చినంత గాయమే కనిపించినా అది అత్యవసరంగా ఆసుపత్రికి తీసుకెళ్లాల్సిన గాయం.

సాయంత్రం బాగా నడిచి, తెల్లారి మొరాయించి, గాలి తీస్తే మళ్లీ సాయంత్రం దాకా నడిచే ట్రాక్టరుకు ఎక్కడో సన్నటి లీకు ఉంది. ట్యాంకుకు, ఫీడ్ పంపుకు మధ్య గొట్టం పీల్చుకునే వైపు కాబట్టి అక్కడ లీకున్నా డీజిలు బయటికి కారకపోవచ్చు, గాలి మాత్రం లోపలికి పోతుంది. తడి కనిపించలేదని లీకు లేదనుకోవడం ఇక్కడ పొరపాటు. ఎండిన రబ్బరు పైపు, వదులైన క్లిప్పు, పదేపదే వాడిన రాగి వాషరు, ఫిల్టరు గిన్నె అంచున నలిగిన రబ్బరు రింగు అసలు దోషులు. రాగి వాషరు ఖరీదు టీ ఖర్చంత. విప్పిన ప్రతిసారీ కొత్తది వేయడమే లాభం.

పొగ వస్తున్నా ఇంజను అందుకోకపోతే డీజిలు చేరుతోంది గాని మండడం లేదు. తెల్లపొగ వస్తే మండని డీజిలు ఆవిరై పోతున్నట్టు. లంబసింగి, అరకు, ఆదిలాబాదు చలికాలపు తెల్లవారుజామున ఇది మామూలే. హీటరు ఉన్న బండికి దాన్ని తగినంతసేపు వేడెక్కనిస్తే సరిపోతుంది. ఎండాకాలంలోనూ తెల్లపొగ వదులుతూ మొరాయిస్తే కంప్రెషన్ తగ్గిందనో, నాజిళ్లు తుంపర కొట్టకుండా చుక్కలు కారుస్తున్నాయనో, డీజిలులో నీళ్లున్నాయనో అనుకోవాలి. ఈ మధ్యే పంపు దించి ఎక్కించి ఉంటే టైమింగు ఒక పన్ను తప్పిందేమో చూడాలి. నల్లపొగ గాలి చాలకపోవడానికి గుర్తు. ఎయిర్ క్లీనరు విప్పి చూడాలి. హీటరు ఉన్న ఇంజనులోకి ఈథర్ స్ప్రే కొట్టి స్టార్టు చేయడం చాలా ప్రమాదం. ఎర్రగా కాలిన హీటరుకు తగిలి అది లోపలే పేలితే పిస్టన్లు దెబ్బతింటాయి.

ఎలాంటి జబ్బయినా సెల్ఫ్‌ను ఒకేసారి పది, పదిహేను సెకన్లకు మించి కొట్టకూడదు. మధ్యలో ఒక నిమిషం ఆపాలి. మూడుసార్లకు అందుకోకపోతే నాలుగోసారికీ అందుకోదు. కారణం వెతకడమే మేలు.

ఆగని ఇంజను స్టార్టు కాని ఇంజను కంటే భయపెడుతుంది. నాబ్ లాగినా ఇంజను ఆగకపోతే తీగ తెగి ఉంటుంది, లేదా బిగింపు స్క్రూ జారి ఉంటుంది. యాక్సిలరేటరు తగ్గించి, ఫ్యాను, బెల్టు తగలకుండా పంపు లివరును చేత్తో ఆపే వైపుకు తోస్తే ఇంజను ఆగుతుంది. లివరు కదులుతున్నా ఇంజను ఆగకపోతే లోపల ర్యాక్ పట్టేసినట్టు. ట్యాంకు కుళాయి కట్టేయొచ్చు గాని ఫిల్టర్లలో, పైపుల్లో ఉన్న డీజిలుతో ఇంజను ఇంకా కొన్ని నిమిషాలు తిరుగుతుంది. ముందూ వెనకా మనుషులెవరూ లేకుండా చూసుకుని, రెండు బ్రేకు పెడళ్లను కొక్కెంతో కలిపి గట్టిగా తొక్కి, పెద్ద గేరు వేసి క్లచ్ వదిలితే ఇంజను ఊపిరి బిగబట్టి ఆగిపోతుంది. ఇంజను వేగం ఇంకా పెరగకముందే ఈ పని చేయాలి.

అరుదుగా ఇంజను తన ఆయిలునే తాగి పరుగెత్తుతుంది. ఆయిలు గుర్తు దాటి ఎక్కువ పోసినా, ఆయిల్ బాత్ ఎయిర్ క్లీనరును నింపేసినా, టర్బో సీలు పోయినా, ఫీడ్ పంపు పొర చిరిగి డీజిలు ఆయిలులో కలిసి మట్టం పెరిగినా ఇలా జరుగుతుంది. అప్పుడు డీజిలు కట్టేసి లాభం లేదు, గాలి కట్టేయాలి. గాలి పీల్చే గొట్టం మూతిని చదునైన చెక్కపలకతో మూసేస్తే ఇంజను ఆగుతుంది. చేతిని గాని, గుడ్డను గాని అక్కడ పెట్టకూడదు, లాగేసుకుంటుంది. డిప్‌స్టిక్ మీద ఆయిలు మట్టం పెరుగుతూ డీజిలు వాసన కొడుతుంటే ఆ బండిని ఆ రోజే ఆపాలి.

2023 జనవరి 1 నుంచి 50 హెచ్‌పీ దాటిన కొత్త ట్రాక్టర్లకు ట్రెమ్ 4 కాలుష్య నిబంధనలు అమల్లోకి వచ్చాయి. దాంతో ఆ తరగతిలో కామన్ రైల్ ఇంజన్లు వచ్చాయి. వీటిలో డీజిలు ఎప్పుడు ఇవ్వాలో, ఎప్పుడు కట్టేయాలో కంప్యూటరు నిర్ణయిస్తుంది. ఒత్తిడి వెయ్యి బార్ దాటుతుంది. పాత అలవాటు కొద్దీ వీటి నాజిలు నట్లు వదులు చేసి గాలి తీయాలని చూడటం ఆత్మహత్యతో సమానం. వీటికి కొత్త ఫిల్టరు, నీళ్లు వంచడం, బ్యాటరీ కనెక్షన్లు చూసుకోవడం వరకే రైతు పని. మిగతాది కంపెనీ సర్వీసుకు వదలాలి.

పాతవైనా కొత్తవైనా పంపులను ఎక్కువగా పాడు చేసేవి నీళ్లు, దుమ్ము, కిరోసిన్ కల్తీ. డ్రమ్ములో నిల్వ చేసిన డీజిలు అడుగున నీళ్లు చేరతాయి. కాబట్టి పైప్‌ను అడుగు దాకా దించకుండా తోడుకోవాలి. పని ముగిశాక సాయంత్రమే ట్యాంకు నింపితే రాత్రి చల్లదనానికి ఖాళీ జాగాలో చెమ్మ పట్టదు. వానాకాలం దమ్ము పనుల్లో రోజూ పొద్దున నీళ్ల గిన్నె కింది స్క్రూ వదిలి ఒక గ్లాసుడు వంచి చూడాలి. అడుగున ముత్యాల్లా నీటి బొట్లు కనిపిస్తే పూర్తిగా పోయేదాకా వంచాలి.

ఇన్ని చూశాకే పంపు మీద అనుమానం రావాలి. పంపుకు వేసిన సీలును షెడ్డులోనో చెట్టు కిందో తెంపనివ్వకూడదు. కాలిబ్రేషన్ బెంచి ఉన్న చోటికే పంపించాలి. సీజను మొదలయ్యేలోపు ప్రతి రైతూ ఒక్కసారి బానెట్ ఎత్తి, స్టాప్ నాబ్ లాగించి, పంపు పక్కన ఆ చిన్న లివరు చివరి కంటా కదులుతోందో లేదో కళ్లారా చూసుకోవాలి.